ఒకే కథ.. ఒకరికి ఏడుపు, ఒకరికి విసుగు

‘ఒకే ఒక జీవితం’ సినిమా 2022 సెప్టెంబరు 9న విడుదలైంది. మరో రెండు రోజులకు కొండగట్టు బస్సు ప్రమాదానికి నాలుగేళ్లు నిండాయి. 2018 సెప్టెంబరు 11, మంగళవారం నాడు శనివారంపేట నుంచి జగిత్యాలకు బయల్దేరిన ఆర్టీసీ బస్సు, పట్టాల్సిన దానికన్నా ఎంతో ఎక్కువ మందిని ఎక్కించుకొని, ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడింది. అరవై మందికి పైగా చనిపోయారు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బు తిమ్మాయపల్లి.. కొడిమ్యాల మండలంలోని ఈ ఊళ్లన్నీ ఒకే తీరుగా ఏడ్చిన రోజు అది. తల్లులు పోయిన పిల్లలు ఆ ఊళ్లలో ఇప్పుడు పెద్దవాళ్లవుతున్నారు.

ఆ ప్రమాదం తేదీని చూసుకొని సినిమావాళ్లు విడుదల తేదీ పెట్టలేదు. కానీ కథ మాత్రం సరిగ్గా ఆ గాయాన్నే తాకింది. చిన్నప్పుడు రోడ్డు ప్రమాదంలో తల్లిని పోగొట్టుకున్న ఆది, పెద్దయ్యాక ఒక శాస్త్రవేత్త చేసిన టైం మిషన్ ఎక్కి 1998కి వెళ్తాడు. ఆదిగా శర్వానంద్, శాస్త్రవేత్తగా నాజర్, వెంట వెళ్లే స్నేహితులుగా వెన్నెల కిశోర్, ప్రియదర్శి. అక్కడ అమ్మ బతికే ఉంది. ఆ అమ్మ అమల. ఏ రోజున ఏం జరగబోతోందో కొడుకుకు తెలుసు. దాన్ని ఆపడానికే వచ్చాడు. ఎంత చేసినా అమ్మ దక్కదు. శ్రీ కార్తీక్ దర్శకత్వంలో తమిళంలో ‘కణం’గా, తెలుగులో ఈ పేరుతో వచ్చిన ఈ కథకు తెలుగు మాటలు తరుణ్ భాస్కర్ రాశారు. అక్టోబరులో సోనీ లివ్‌లోకి వచ్చాక, టాకీసు దాకా పోని ఇళ్లకూ ఈ కథ చేరింది.

చూసినవాళ్లు రెండు జట్లయ్యారు. అమల కనిపించిన ప్రతిసారీ కంటతడి పెట్టుకున్నవాళ్లు ఒక జట్టు. నడక మెల్లగా ఉందని, రెండో సగం సాగిందని, గతం మారనప్పుడు అంత దూరం పోవడమెందుకని విసుక్కున్నవాళ్లు ఇంకో జట్టు. సైన్సు కల్పనకు కన్నీళ్లు కలిపిన కథ ఎక్కడ వచ్చినా ఈ చీలిక తప్పదు. తప్పు పట్టాల్సింది చీలికను కాదు. దాన్ని చూసి చాలామంది తొందరపడి ఇచ్చే తీర్పును. ఏడ్చినవాళ్లు మెత్తనివాళ్లు, లెక్కలడిగినవాళ్లు తెలివైనవాళ్లు అనేది ఒక తీర్పు. ఇలాంటి కథలు పట్నంవాళ్లకే, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లవాళ్లకు ఎక్కవు అనేది రెండోది. రెండూ తప్పే. రెండోది అవమానం కూడా.

ముందు ఎవరు ఎట్లా చూస్తున్నారో చూడాలి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చేసే ఇళ్లలో టీవీ పగలంతా నడుస్తుంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. చేతులు ఆగితే లెక్క తగ్గుతుంది, లెక్క తగ్గితే కూలి తగ్గుతుంది. కాబట్టి కళ్లు ఆకు మీద, చెవులు టీవీ మీద. ఆ ఇంటి ఆడవాళ్లు సీరియల్‌ను చూసేదానికన్నా వినేదే ఎక్కువ. టైం మిషన్ కథల్లో అసలు ఆనవాళ్లన్నీ కంటికే దొరుకుతాయి. గోడ మీద క్యాలెండర్, రోడ్డు మీద పాత స్కూటర్, మారిన చొక్కా, గడియారంలో వెనక్కి జరిగిన ముల్లు. తల వంచుకొని పనిచేసే మనిషికి అవి అందవు. అందేది గొంతు. ‘ఒకే ఒక జీవితం’లో ఆమెకు చేరేది అమల మాట, ఆ మాటలోని మెత్తదనం, దాని ముందు పెరిగి పెద్దయిన కొడుకు మింగుకునే దుఃఖం. అదే ఇంట్లో డిగ్రీ చదివే కొడుకు మంచం మీద ఒరిగి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, అర్థం కాని చోట వెనక్కి జరుపుకుంటూ ఫోన్‌లో అదే కథ చూస్తాడు. అతనికి చేరేది చిక్కుముడి. వాళ్లిద్దరూ ఒకే కథ చూశారనుకోవడమే పొరపాటు. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మధ్య రాత్రి షిఫ్టు చేసే మనిషి సంగతి దీనికి తలకిందులు. ఆ చప్పుడులో మాట వినపడదు, బొమ్మ ఒక్కటే దక్కుతుంది.

ఇక ‘మనోళ్లకు అర్థం కాదు’ అనే మాట. కొండగట్టు స్థలపురాణమే కాలంతో పందెం కాసిన కథ. మూర్ఛపోయిన లక్ష్మణుడు తెల్లవారేలోగా లేవాలి. అందుకు హనుమంతుడు సంజీవని కొండను పెకలించి మోసుకొస్తుంటే అందులోంచి ఒక ముక్క ముత్యంపేట దగ్గర జారిపడిందని, అదే ఈ గుట్ట అయిందని చెప్పుకుంటారు. గడువు ఉంది, దూరం ఉంది, దక్కుతుందో లేదో తెలియని ప్రాణం ఉంది. కాలయంత్రం కథలకు ఇంతకన్నా ఏం కావాలి? భాగవతం నవమ స్కంధంలో రైవతుడి కథ దీన్ని మించిపోతుంది. కూతురు రేవతికి తగిన వరుణ్ని అడుగుదామని ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ పాట నడుస్తుంటే అది ముగిసేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. అతను మనసులో అనుకున్న వరులే కాదు, వాళ్ల మనవల మనవలు కూడా మిగల్లేదు. ఒక్కో లోకంలో కాలం ఒక్కో వేగంతో నడుస్తుందని పురాణం వినే ముసలమ్మకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. కథ అర్థం కాకపోవడానికి ఊరు కారణం కాదు. డబ్బింగ్‌లో పలికే పుస్తకాల భాష కారణమవుతుంది, గబగబా చెప్పేసి దాటేసే నియమాలు కారణమవుతాయి.

ఒకే ప్రసారానికి జనం ఇన్ని తీర్లుగా ఎందుకు స్పందిస్తారనే ప్రశ్నను పరిశోధకులు టీవీ కన్నా ముందే, రేడియో రోజుల్లోనే వేసుకున్నారు. 1938 అక్టోబరు 30 రాత్రి అమెరికాలో సీబీఎస్ రేడియో హెచ్.జి. వెల్స్ నవల ‘వార్ ఆఫ్ ద వరల్డ్స్’ను నాటకంగా వినిపించింది. 23 ఏళ్ల ఆర్సన్ వెల్స్ దాన్ని వార్తల బులెటిన్‌లా నడిపించాడు. అంగారకులు న్యూజెర్సీలో దిగారన్న మాట విని కొందరు నిజంగానే బెదిరిపోయారు. దేశమంతా వీధిన పడిందని మర్నాటి పత్రికలు రాసినదాంట్లో అతిశయోక్తి చాలా ఉందని తర్వాతి చరిత్రకారులు తేల్చారు. కానీ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హాడ్లీ కాంట్రిల్ 135 మందిని కూర్చోబెట్టి అడిగి, 1940లో అచ్చువేసిన పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది. మొదటి నుంచీ విన్నవాళ్లలో ఎక్కువమంది నాటకమని గుర్తుపట్టారు. నడుమ నుంచి విన్నవాళ్లు తడబడ్డారు. ఇంకో స్టేషన్ తిప్పి చూసినవాళ్లు కుదుటపడ్డారు. యుద్ధం వస్తుందన్న భయంలో ఉన్నవాళ్లలో కొందరు దిగింది అంగారకులు కాదు, జర్మన్లే అనుకున్నారు. ప్రళయం వస్తుందని నమ్మేవాళ్లకు అది ప్రళయంలాగే వినిపించింది. అప్పటికే ఎవరి గుండెలో ఏముందో దాన్నిబట్టే వాళ్లకు ఆ నాటకం అర్థమైంది.

కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఘాట్ రోడ్డు మీద మనిషిని పోగొట్టుకున్న ఇంటికి టైం మిషన్ పెట్రోలుతో నడుస్తుందా కరెంటుతో నడుస్తుందా అన్నది ప్రశ్నే కాదు. ఆ మంగళవారం పొద్దున ఆ బస్సు ఎక్కకుండా ఆపగలిగితే ఎలా ఉండేది అన్నది ప్రశ్న. అట్లా ఏడ్చిన మనిషిని పట్టుకొని ‘అది సినిమానే కదా’ అనడం కన్నా మొరటుతనం లేదు.

అయితే లెక్కలు అడిగేవాళ్లను రాతిగుండెవాళ్లనడం కూడా అన్యాయమే. ఒక కథ, పోయిన మనిషి తిరిగి రాడని మొదట నియమం పెట్టుకొని, చివర్లో చప్పట్ల కోసం ఆ నియమాన్ని తుంచేస్తే, నిజంగా మనిషి పోయిన ఇంటికి అది ద్రోహం చేసినట్టు. కాబట్టి తర్కం అడిగే ప్రేక్షకుడు తెలియకుండానే ఏడ్చే ప్రేక్షకుడి తరఫునే మాట్లాడుతున్నాడు. 1967 ఏప్రిల్ 6న అమెరికాలో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ భాగం ‘ద సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ ఇందుకు పాత సాక్ష్యం. కెప్టెన్ కిర్క్ 1930ల నాటి న్యూయార్క్‌లోకి వెళ్లి ఎడిత్ కీలర్ అనే మంచి మనిషిని ప్రేమిస్తాడు. ఆమె రోడ్డు ప్రమాదంలో చనిపోవాలి. బతికితే చరిత్ర తప్పిపోయి జర్మనీ రెండో ప్రపంచ యుద్ధం గెలుస్తుంది. ఆమెను లాగి కాపాడబోయిన స్నేహితుణ్ని కిర్కే పట్టుకొని ఆపుతాడు. టీవీ సైన్సు కథల్లో అంత బరువైన నిమిషం అరుదు. నియమం తప్పలేదు కాబట్టే అది ఇన్నేళ్లు నిలబడింది. ‘ఒకే ఒక జీవితం’ నిలబడ్డదీ అందుకే. అమ్మను బతికించి పంపేసి ఉంటే టాకీసులో ఈలలు ఇంకా ఎక్కువ పడేవి, కథ మాత్రం మర్నాటికే మరపున పడేది.

తెలుగులోనే పుట్టిన సిరీస్ విషయానికొస్తే ‘కుడి ఎడమైతే’ గురించి గట్టిగా మాట్లాడాలి. 2021 జులై 16న ఆహా ఓటీటీలో వచ్చిన ఎనిమిది భాగాల సిరీస్ ఇది. ‘లూసియా’, ‘యూ టర్న్’ తీసిన కన్నడ దర్శకుడు పవన్ కుమార్ దర్శకత్వం, రామ్ విఘ్నేశ్ రచన. పేరు మాత్రం 1953 నాటి ‘దేవదాసు’ పాట నుంచి తీసుకున్నది. పోలీసు అధికారి దుర్గగా అమలా పాల్, తిండి పొట్లాలు చేరవేస్తూ నటుడు కావాలని కలగనే కుర్రాడిగా రాహుల్ విజయ్. ఇద్దరూ ప్రమాదంలో చనిపోతారు. చనిపోయాక కళ్లు తెరిస్తే మళ్లీ అదే రోజు. ఆ రోజు తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది, ఆ సంగతి వాళ్లిద్దరికే గుర్తుంటుంది. పక్కన పిల్లల అపహరణల కేసు.

తెలుగు తెర మీద ఇంత ఓపికగా అల్లిన కాలవలయం కథ అంతకుముందు లేదు. అమలా పాల్ నటనలోని అలసట ఆ కథకు ప్రాణం. పొద్దున లేవగానే నిన్నటి చావు గుర్తున్న మనిషి ముఖం ఎట్లా ఉంటుందో ఆమె చూపించింది. అయినా చూసినవాళ్లలో చాలామంది కోపంగా లేచారు. కారణం కథలోని తిరకాసు కాదు, ముడి విప్పకుండా ఎనిమిదో భాగాన్ని ఆపేయడం. తర్వాత ఏమవుతుందో చెప్పే రెండో సీజన్ రాలేదు. ఇక్కడ కోపగించుకున్నవాళ్ల పక్షమే సరైనది. ఎనిమిది భాగాల పాటు ఒక తల్లడిల్లే మనిషితో నడిపించి, చివర్లో ప్రేక్షకుణ్ని నడిరోడ్డు మీద దించేయడం మంచి పని కాదు. రాత్రి నిద్ర మానుకొని చూసినవాళ్లకు ముగింపు అడిగే హక్కుంది.

అదే ఏడాది నవంబరు 19న డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో వచ్చిన ‘అద్భుతం’ సినిమా మరో రకం జాగ్రత్తను గుర్తుచేస్తుంది. ప్రశాంత్ వర్మ కథ, మల్లిక్ రామ్ దర్శకత్వం. 2014లో ఉన్న అమ్మాయికీ 2019లో ఉన్న అబ్బాయికీ ఒకే ఫోన్ నంబరు ఉంటుంది. బతుకు చాలనుకున్న క్షణంలో వాళ్ల మధ్య మాట కలుస్తుంది. కథ తేలిగ్గా నవ్విస్తూ సాగుతుంది, చాలామందికి అది హాయిగానే ఉంది. కానీ నేతకార్మికుల ఆత్మహత్యలు చూసిన సిరిసిల్ల వాడల్లో ఆ మొదటి ఘట్టాన్ని అంత తేలిగ్గా దాటలేరు. ఇలాంటి సన్నివేశం ఉన్నప్పుడు ముందే పెద్ద అక్షరాల్లో, తెలుగులో హెచ్చరిక వేయాలి. దాని పక్కనే టెలీ మానస్ నంబరు 14416 వేయాలి. మనసు బాగాలేని మనిషిని కొండగట్టుకు తెచ్చి మండలం పాటు అంజన్న సన్నిధిలో ఉంచే ఆనవాయితీ ఈ ప్రాంతంలో ఉంది. నమ్మకం ఉన్నవాళ్లు నమ్ముకోవచ్చు. డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం ఆపొద్దు.

ముందే తెలిసిన చావుకు జనం తక్కువ ఏడుస్తారా? ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ సిరీస్ ఈ ప్రశ్నను 2025లో మళ్లీ ముందుకు తెచ్చింది. శిలీంధ్రం సోకి మనుషులు రాక్షసులైపోయిన లోకంలో, సొంత కూతుర్ని పోగొట్టుకున్న జోయెల్ అనే మనిషి ఎలీ అనే పిల్లను కాపాడుకుంటూ సాగే కథ. 2025 ఏప్రిల్ 20న ప్రసారమైన రెండో సీజన్ రెండో భాగంలో జోయెల్‌ను చంపేశారు. దానికి ఆధారమైన, 2020లో వచ్చిన వీడియో గేమ్ ఆడినవాళ్లకు ఆ చావు ముందే తెలుసు. తెలియనివాళ్లు హతాశులయ్యారు, ఇక చూడబోమని కొందరు మానేశారు. తెలిసినవాళ్లు కూడా ఏడ్చారు. తెలుగువాళ్లకు ఇందులో వింతేం లేదు. 1987 జనవరి నుంచి 1988 జులై దాకా దూరదర్శన్‌లో ‘రామాయణ్’ వచ్చినప్పుడు లక్ష్మణుడు లేస్తాడని తెలియనివాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. అయినా మూర్ఛ ఘట్టంలో గుండె దడదడలాడింది.

అప్పుడు ఒక టీవీ ముందు వాడంతా కూర్చునేది. ఆ కూర్చోవడం 2023లో మళ్లీ కనిపించింది. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ మార్చి 3న విడుదలయ్యాక తెలంగాణలో ఊరూరా పంచాయతీ ముందు, బడి ఆవరణలో తెర కట్టి చూశారు. చివర్లో బుడగ జంగాల పాటకు మగవాళ్లు కూడా దాచుకోకుండా ఏడ్చారు. అది సైన్సు కథ కాదు. కానీ ఇక్కడి ప్రేక్షకుడి గురించి ఒక సంగతి చెబుతుంది. పక్కవాడు ఏడుస్తుంటే ఏడవడానికి సిగ్గుండదు. కాలయంత్రం కథలను మాత్రం ఎవరి ఫోన్‌లో వాళ్లు ఒంటరిగా చూస్తున్నారు. అర్థం కానిది అడగడానికి పక్కన మనిషి లేడు, కళ్లు తుడుచుకుంటే చూసే మనిషి లేడు. మర్నాడు నలుగురిలో మాట వస్తే లాజిక్ గురించి మాట్లాడటం సులువు, ఏడ్చానని చెప్పడం కష్టం. బయటికి వినపడే విసుగు ఎక్కువగా, వినపడని ఏడుపు తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో మనుషులు గల్ఫ్‌కు పోయిన ఇళ్లది ఇంకో లోకం. 2014 నాటి ‘ఇంటర్‌స్టెల్లార్’ సినిమాను 2025 ఫిబ్రవరి 7న మన దేశంలో మళ్లీ విడుదల చేస్తే టాకీసులు నిండాయి. అందులో ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. అక్కడి నుంచి ఓడకు తిరిగొచ్చిన తండ్రి, 23 ఏళ్లుగా పిల్లలు పంపిన వీడియోలు వరసగా చూస్తూ కుమిలిపోతాడు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో లేబర్ క్యాంపు మంచం మీద కూర్చొని బిడ్డ మొదటి నడకను, మొదటి బడిని, చివరికి పెళ్లిమాటలను కూడా ఫోన్‌లోనే చూసిన తండ్రికి ఆ ఘట్టం వివరించడానికి భౌతికశాస్త్రం అక్కర్లేదు. సెలవు మీద ఇంటికొస్తే బిడ్డ కొత్త చేసి తల్లి వెనక దాక్కోవడం ఇక్కడి ఇళ్లలో అలవాటైన దుఃఖం. ఈ దుఃఖం మీద తెలుగులో ఒక్క సైన్సు కల్పన సిరీస్ కూడా రాకపోవడం మన రచయితల లోటే.

అందుకే సిరీస్‌లు రాసేవాళ్లకు, వాటికి డబ్బు పెట్టేవాళ్లకు ఒక విన్నపం. పల్లె ప్రేక్షకుడికి ఎక్కదని కథను పలచన చేయొద్దు. డబ్బింగ్ చెప్పించేటప్పుడు, బీడీలు చేస్తూ చెవులతో వినే ఆడవాళ్లను కూడా తలుచుకోండి. ఎన్ని కాలాలు తిప్పినా పెట్టిన నియమానికి కట్టుబడండి. ఘాట్ రోడ్డు కింది ఊళ్ల మాటతో, గల్ఫ్ ఇళ్ల మాటతో ఒక కథ రాయండి. అంతకన్నా ముందు, ఆహా వాళ్లు ‘కుడి ఎడమైతే’లో మిగిలిపోయిన కథను పూర్తిచేయాలి.